బండి మెత్త మీద పసుపునీళ్ళు

పోయిన నెల మా మేనల్లుడి కొత్త గుర్రబ్బండిలో పాలకొల్లు నుంచి కాలవగట్టు మీదుగా వస్తున్నాం. వాడు రాజమండ్రిలో ప్లీడరు. బియ్యే చదివాడు. రోజుకోసారి చెప్పకపోతే ఆ సంగతి మనం ఎక్కడ మరిచిపోతామోనని వాడి భయం. బండి మెత్తలు మేలురకం తోలువి, చెన్నపట్నం నుంచి తెప్పించాడు. లాకులు దాటగానే చక్రం గోతిలో పడి బండి ఒక్క కుదుపు కుదిపింది. మరచెంబు నా చేతిలో ఉంది. మూత తీసింది నేను, దాహం నాది, కాబట్టి నేరం గోతి మీదికి నెట్టడానికి వీల్లేదు. సగం చెంబు నీళ్ళు ఆ కొత్త మెత్త మీద పడ్డాయి.

మావాడు భుజం మీద కండువా లాగి గబగబా రుద్దబోయాడు.

“రుద్దకు! అద్దు!” అని అరిచాను. నా కేకకి బండివాడు అదిరిపడి గుర్రాన్ని ఆపేశాడు.

కండువా లాక్కుని మెల్లగా అద్ది తడి తీశాను. తరవాత నా పైపంచె కొస తడిపి, గట్టిగా పిండి, మెత్తలో పొడిగా ఉన్న భాగాన్ని కూడా ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా తడపడం మొదలుపెట్టాను.

“మామయ్యా, మతి పోయిందా ఏంటి? పడ్డ తడి చాలక మిగిలిందీ తడుపుతున్నావా?”

“నోరు మూసుకుని ఇంటికి పోనియ్యి. ఎండ తగలకుండా పోనియ్యి.”

ఇంటికి పోయాక మెత్తను నీడలో గాలి తగిలేచోట పెట్టించాను. ఒకటికి రెండుసార్లు వెళ్ళి దానికి చెంప ఆనించి చూశాను. ఇంకా కాస్త చల్లదనం ఉండగానే గోరువెచ్చని ఆముదం వేలితో పలచగా రాశాను. మర్నాడు చూస్తే మచ్చ లేదు. మా ప్లీడరుగారు మెత్తను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, జన్మలో మొదటిసారి నన్ను గౌరవంగా చూశాడు.

“ఎక్కడ నేర్చుకున్నావు మామయ్యా ఇది?”

“పుస్తకంలో చదివాను.”

“ఏ పుస్తకం?”

“ఇంగ్లీషు పుస్తకం. అట్ట చిరిగిపోయింది, పేరు తెలీదు.”

అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. చూపు మందగించింది, పళ్ళు ఊడిపోయాయి. అబద్ధం మాత్రం పాతికేళ్ళప్పుడు ఎంత చురుగ్గా నోటికొచ్చేదో ఇప్పుడూ అంత చురుగ్గానే వచ్చింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పుస్తకమూ లేదు, అట్టా లేదు. ఒక మనిషి ఉండేవాడు. అందుకని ఈ కాగితాలు రాస్తున్నాను. మా మేనల్లుడు చదువుతాడు. చదివి ఏమనుకున్నా సరే.

ఆయన మా ఊరి మాదిగపేటలో ఉండేవాడు. “ఆయన” అని రాయడానికి కలం ఒక్క క్షణం తటపటాయించింది. ఆ రోజుల్లో నేను “వాడు” అనేవాణ్ణి, ఎదురుపడితే “ఒరే” అనేవాణ్ణి. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద. పేరేంటో నాకు తెలీదు. ఏ కాలవకి ఏ తూము, ఏ తూము కింద ఎవరి చేను, ఏ వరదకి ఎవరి గోడ కూలింది, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా జ్ఞాపకశక్తిని గురించి నలుగురూ చెప్పుకుంటారు, చెప్పుకోకపోతే నేనే చెప్తాను. పదకొండేళ్ళు చూసిన మనిషి పేరు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

పొట్టి మనిషి. తలగుడ్డ కింద జుట్టు పత్తిలా ఉండేది. తోలు ఏదయినా సరే, ముందు వేలి మెటికతో తట్టి చెవి ఒగ్గి వినేవాడు. తరవాత కళ్ళు మూసుకుని చెంప ఆనించేవాడు. పసిబిడ్డకి జ్వరం ఉందేమోనని చూసినట్టు ఉండేది ఆ చూడటం. “ఇంకా లోపల చల్లగా ఉందండి,” అనేవాడు. చేత్తో చూస్తే చాలదా అంటే, “చెయ్యి మొద్దుబారిపోయిందండి, చెంప ఇంకా నిజం చెప్తోంది,” అనేవాడు.

నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. నోట “అండి” లేకుండా మాట రాదు. మనుషులతోనే కాదు, తోలుతో కూడా అంతే. తోలు కుట్టే ఆరెతో పొడుస్తూ, “కాస్త ఓర్చుకోవాలండి, అయిపోయింది, ఇదొక్క పోటేనండి,” అని మెత్తకి నచ్చజెప్పేవాడు. నన్నూ ఆ మెత్తనూ ఒకటే మర్యాదతో పలకరించేవాడు. మెత్తతో మాట్లాడేటప్పుడు గొంతులో కాస్త ఇష్టం వినిపించేది.

ఇక నా సంగతి. నేను బడి మెట్లు ఎక్కలేదు. లాకుల దగ్గర సర్కారువారు అంటించే ప్రకటనలు చూసి తెలుగు చదవడం పట్టాను. మందు సీసాల మీద కాగితాలు చూసి ఇంగ్లీషు అక్షరాలు పట్టాను. పెళ్ళిళ్ళలో పురోహితుడి వెనకాల నిలబడి మంత్రాలు సగం సగం పట్టాను. ఏదీ పూర్తిగా రానివాడికి ఉండే ధీమా పూర్తిగా వచ్చినవాడికి ఉండదు. ఇరవై మూడో ఏట ఆ ధీమాతోనే మా ఊరి కామందుగారి ఇంట గుమాస్తాగా చేరాను. నన్ను అందరూ “పంతులుగారూ” అనేవారు. పిలిచిన ప్రతిసారీ నాకు ఒక అంగుళం పొడుగు పెరిగినట్టుండేది.

ధవళేశ్వరంలో ఇంజనీరు దొర ఒకాయన ఓడెక్కి తన ఇంగ్లీషు సీమకు వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే, మా కామందుగారు ఆయన గుర్రబ్బండి పాడుకున్నారు. పడవలో వేసి కాలవ మీద తెచ్చారు. రేవు దగ్గర ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఎర్రటి తోలు మెత్తలు, నిమ్మపండులా మెరుస్తున్న ఇత్తడి బొడిపెలు. కొన్నాళ్ళకి మెత్త కుట్టు ఒకచోట విడిపోయింది. పేట నుంచి ఆయన్ని పిలిపించారు. బండిశాలలో ఆయన తట్టాడు, విన్నాడు, చెంప ఆనించాడు.

“ఇది మన పశువు కాదండి. చలిదేశం ఆవు. మన ఎండ ఎరగదు, జాగర్తగా చూసుకోవాలండి,” అన్నాడు.

ఆ మాట ఎవరూ వినలేదు. కామందుగారి తల్లి, పెద్దమ్మగారు, అరుగు మీద నుంచి చెంప ఆనించడం మాత్రం చూశారు.

“ఓరి నాయనోయ్, మొహం పెట్టేశాడే! పంతులూ, వాడు వెళ్ళాక దానిమీద నాలుగు పసుపునీళ్ళ చుక్కలు చల్లి, నాలుగు మంత్రం ముక్కలు చదువు. లేకపోతే నేనా బండి ఎక్కను.”

నాలుగు చుక్కలన్నది ఆవిడ. చెంబెడు పోసింది నేను. నా పాండిత్యానికి చుక్కలు చాలవనిపించింది.

చచ్చిన ఆవు చర్మం మీద కూర్చుని గుడికి వెళ్ళడానికి ఆ ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చర్మాన్ని కుట్టిన చెయ్యి తగిలితే మాత్రం మైల. ఈ సంగతి తలుచుకుంటే ఇవాళ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజున మండలేదు. ఆ రోజున నేను మెత్త చుట్టూ మూడుసార్లు తిరిగి, రాగం తీసి, చెంబు పూర్తిగా వంచాను.

నీళ్ళు పడ్డచోట తెల్లటి అంచుతో, పసుపు రంగుతో పెద్ద మచ్చ తేలింది. ఆరినకొద్దీ తోలు బిగిసి, పక్క కుట్టు తెగింది. మళ్ళీ ఆయన్ని పిలిచారు. కుట్టాడు. మళ్ళీ నేను చల్లాను. మళ్ళీ బిగిసింది, మళ్ళీ తెగింది. “వీడి కుట్టు పనికిమాలిన కుట్టు,” అని కామందుగారు కేకలేశారు. మూడు నెలల్లో ఇలా నాలుగుసార్లు అయ్యింది. ఎందుకు తెగుతోందో ఆ ఇంట్లో ఒక్కడికీ తట్టలేదు. తట్టవలసినవాణ్ణి నేను, నేను మంత్రంలో స్వరం సరిచేసుకుంటున్నాను.

నాలుగోసారి ఆయన సామాను మూట కట్టుకుంటూ నాతో మెల్లగా అన్నాడు:

“పంతులుగారండి, ఆ నీళ్ళేవో నేను రాకముందే పోసేసుకోండి. నేనొచ్చి ఆరబెట్టుకుని కుట్టుకుపోతాను.”

“ఒరే, నువ్వు ముట్టుకున్న తరవాత కదరా చల్లాలి?”

“అదేనండి నేననేది. ముట్టుకున్నది నేనండి. తడుస్తున్నది పాపం ఇది.”

నేను నవ్వాను. వాడికి శాస్త్రం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆ తరవాత నా సొంత తెలివి ఒకటి ఉపయోగించాను. మెత్త తడిగా ఉందని వైశాఖమాసపు ఎండలో పశువులశాల పెంకుల మీద ఎక్కించాను. “సీమలో ఇలాగే చేస్తారు, ఇంగ్లీషు పుస్తకంలో ఉంది,” అన్నాను. సీమలో వైశాఖం ఉండదన్న సంగతి నాకు తెలీదు. మధ్యాహ్నానికి మెత్త అప్పడంలా ముడుచుకుంది. దాన్ని మెత్తబరచడానికి ఏం రాయాలని ఆలోచించాను. ఆముదం రాస్తే మైల, నూనె రాస్తే జిడ్డు. శుద్ధికి శుద్ధి, మెత్తదనానికి మెత్తదనం, నెయ్యి ఒక్కటే సరైనదని తేల్చాను. పెద్దమ్మగారు నన్ను మెచ్చుకుని, దేవుడి గదిలోంచి గిన్నెడు ఆవునెయ్యి తెచ్చి నా చేతికిచ్చారు.

నెయ్యి పీల్చుకున్న మెత్త కోసం ముందు చీమలొచ్చాయి. తరవాత పిల్లి వచ్చింది. అది మెత్తను నాకుతూ ఉంటే చూసి కూడా నేను, “మంచిదే, నున్నగా అవుతుంది,” అన్నానని ఆ ఇంట్లో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. అన్నానేమో. కామందుగారు తెల్ల పంచె కట్టుకుని ఎక్కితే, దిగేటప్పుడు మెత్త పంచెకి అంటుకుని వెంట వచ్చింది. మడత పడ్డచోటల్లా తోలు చిట్లింది.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. పది రోజుల్లో కొత్త ఇంజనీరు దొర కాలవ తనిఖీకి పడవలో వస్తున్నాడు. కామందుగారికి తన మెరక చేలకి ఒక తూము కావాలి. దొరని రేవు నుంచి ఆ చేల దాకా ఈ బండిలో తీసుకెళ్ళాలని ఆయన సంకల్పం. చిట్లిన మెత్తను చూసి ఆయన మొహం ఎర్రబడింది.

“ఈసారి గనక ఈ మెత్త బాగుపడకపోతే, రావులపాలెం నుంచి వేరేవాణ్ణి తెచ్చి పేటలో పెడతాను. ఊరి పనంతా వాడిదే, కళ్ళంలో గింజలూ వాడివే. వీణ్ణి పొమ్మను.”

ఊరి పనంటే మోట బక్కెట్లు, కాడి పట్టెడలు, ఇంటింటి చెప్పులు. దానికి బదులు కోతల తరవాత ప్రతి కళ్ళంలోనూ ఆయనకి రావలసిన వడ్లు. ఆ ఇంట్లో ఏడుగురు ఆ వడ్లతోనే బతకాలి. ఆ మాట కామందుగారు అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నోరు కూడా నా దగ్గరే ఉంది. ఎండ నాది, నెయ్యి నాది, నీళ్ళు నావి. “చిత్తం, చెప్పి వస్తానండి,” అని మాత్రం అన్నాను.

మిట్టమధ్యాహ్నం పేటకి వెళ్ళాను. ఆయన గుడిసె ముందు పందిరి కింద కూర్చుని ఏదో పట్టెడ గీకుతున్నాడు. నేను ఇరవై బారల దూరాన ఎండలో నిలబడ్డాను. నీడలోకి వెళ్తే మైల, ఎండలో ఉంటే వడదెబ్బ. నా చదువు నన్ను ఎండలోనే నిలబెట్టింది. అక్కణ్ణుంచే గొంతెత్తి కామందుగారి మాట చెప్పాను.

ఆయన గీకడం ఆపాడు.

“ఎండలో పెట్టారాండి?”

“పెట్టాం.”

“ఎంతమందండి పెట్టింది?”

నేను పైపంచె నెత్తిన కప్పుకున్నాను.

“నెయ్యి ఎవరు రాశారండి?”

“అదంతా నీకెందుకురా? బాగుచెయ్యగలవా లేదా?”

అప్పటికి నా నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఆయన భార్య నా వాలకం చూసి, అలవాటు కొద్దీ ముంత ముంచుకుని రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయింది. ఆయన ఆవిణ్ణీ నన్నూ చూశాడు. భుజాలు కదిలాయి.

“ఏంటోనండి. దాహమేసినా తమరు తాగరు. వద్దు మొర్రో అన్న తోలుకి మాత్రం చెంబులు చెంబులు పట్టిస్తారు.”

తరవాత నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు.

“పంతులుగారండి, బాగుచేస్తాను. కొత్తది చెయ్యలేను, కూర్చునేలా చేస్తాను. చేశాక తమరు మళ్ళీ దానిమీద నీళ్ళు పోశారంటే నా పొయ్యి మీద కుండ దింపేసినట్టేనండి.”

“నేను పొయ్యనులేరా.”

“తమరు పొయ్యకపోతే అమ్మగారు ఇంకొకళ్ళ చేత పోయిస్తారు కదండీ,” అన్నాడు. అని పట్టెడ అందుకుని మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.

ఆ వారం ఆయన బండిశాలలో చేసిన పనే నేను మా మేనల్లుడి దగ్గర పుస్తకమని చెప్పింది. ముందు మెత్తటి సుద్దమట్టి చల్లి, ఒక రాత్రి వదిలేసి, నేతిని బయటికి లాగించాడు. తరవాత నీళ్ళు తెమ్మన్నాడు. గుడ్డ ముంచి, చుక్క రాలకుండా పిండి, మెత్తనంతా అద్దడం మొదలుపెట్టాడు. మచ్చ ఉన్నచోటే కాదు, లేనిచోట కూడా. అరుగు మీద పెద్దమ్మగారు, గుమ్మంలో కామందుగారు, మధ్యలో నేను, ముగ్గురం ఒక్కసారే అరిచాం.

“నీళ్ళతో చెడిందిరా అంటే మళ్ళీ నీళ్ళా?” అన్నారు కామందుగారు.

“బాబుగారండి, మచ్చ ఎక్కడ పడుతుందండి? తడి చేనుకీ పొడి చేనుకీ మధ్యన గట్టుంటుంది చూడండి, అక్కడండి. అంతా ఒకటే తడి అనుకోండి, ఇంక గట్టేదండి?”

చేలూ గట్లూ తెలిసిన మనిషి కాబట్టి కామందుగారు ఊరుకున్నారు. నేనింకా రుజువులు అడగబోతుంటే, “నువ్వు తప్పుకోవోయ్ పంతులూ, వెలుతురుకి అడ్డం,” అన్నారు.

రెండు రోజులు నీడలో ఆరింది. పూటకోసారి ఆయన వచ్చి చెంప ఆనించి, “ఇంకా ఉందండి,” అని వెళ్ళిపోయేవాడు. మూడో రోజు పొద్దున ఆనించిన చెంప తియ్యకుండా అలాగే కాసేపు ఉన్నాడు. “ఇప్పుడండి,” అన్నాడు. ఆముదం చిన్న పిడతలో గోరువెచ్చన చేసి, వేలికొసతో పలచగా రాసి, ఆరనిచ్చి, మళ్ళీ రాశాడు. తెగిన కుట్లన్నీ కుట్టాడు. చిట్లిన గీతలు పూర్తిగా పోలేదు. ముసలమ్మ అరచేతిలో గీతల్లా సన్నగా మిగిలాయి. మెత్త మాత్రం మెత్తబడింది. కామందుగారు కూర్చుని లేచారు. మెత్త ఆయన వెంట రాలేదు.

దొర వచ్చేది మర్నాడు పొద్దున.

“పంతులూ! చెంబు!” అని అరుగు మీద నుంచి పెద్దమ్మగారి కేక.

పసుపు కలిపిన చెంబు పట్టుకుని వచ్చాను. పొయ్యనని పేటలో చెప్పిన మాట గుర్తుంది. పొయ్యనని ఇక్కడ చెప్పడానికి కావలసిన గుండె లేదు. ఆయనకేసి చూడకుండా మెత్త వైపు నడిచాను.

ఆయన నాకూ మెత్తకీ మధ్యన వచ్చాడు. గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కునే రాయి ఉంది. దాని మీద గొంతుకూర్చుని, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచాడు.

“నా మీద పొయ్యండి బాబూ. మైల నాది కదండీ. నన్ను కడగండి. దాన్నొదిలెయ్యండి.”

పెద్దమ్మగారు నాకేసి చూశారు.

“శాస్త్రం ఒప్పుకుంటుందా పంతులూ?”

ఆయన తల ఎత్తలేదు. మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటూ కనిపిస్తోంది. శాస్త్రం ఒప్పుకోదంటే ఏడుగురి కూడు పోతుంది. ఆ ఒక్క క్షణం మాత్రం నా సగం చదువులు మూడూ ఒక్కచోటికి చేరి పనికొచ్చాయి.

“భేషుగ్గా ఒప్పుకుంటుందండి,” అన్నాను. “ముట్టినవాణ్ణి ప్రోక్షిస్తే ముట్టుకున్న వస్తువు దానంతటదే శుద్ధి అవుతుంది.” రెండు సంస్కృతం ముక్కలు కూడా తగిలించాను. అవి ఏ మంత్రంలోవో, అసలు సంస్కృతమో కాదో దేవుడికే తెలియాలి.

“ఏ గ్రంథంలో ఉంది?”

“పాత గ్రంథమండి. అట్ట చిరిగిపోయింది.”

ఇక్కడితో ఆగి ఉంటే ఆ మనిషికి నేను సాయం చేశానని ఇవాళ గొప్ప చెప్పుకునేవాణ్ణి. ఆవిడ అన్నది ఎప్పుడూ నాలుగు చుక్కలే. చుక్కలే చల్లి ఉండవచ్చు. కానీ అందరూ చూస్తున్నారు, శాస్త్రం నాది, చెంబు నిండా ఉంది. మంత్రం చదువుతూ చెంబు మొత్తం ఆ తెల్లటి జుట్టు మీద వంచేశాను. పసుపునీళ్ళు చెవుల వెనక నుంచి, ముక్కు కొస నుంచి కారాయి. ఆయన కళ్ళు తుడుచుకుని పైకి చూశాడు. నేను పాండిత్యపు ఊపులో, ఆయన తల తుడవమని నా దగ్గరున్న గుడ్డని అక్కడున్న పాలేరుకి విసిరాను. వాడు వచ్చి బరబరా రుద్దబోయాడు.

“రుద్దకయ్యా, అద్దు. నేనూ తోలేగా,” అన్నాడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆయన భుజాలు కదలలేదు.

మర్నాడు దొర వచ్చాడు. బురద బూట్లతో బండెక్కి, ఆ మెత్త మీద దర్జాగా కూర్చుని, చేలు చూసి, తూముకి సరేనని వెళ్ళిపోయాడు. ఏ మాంసం తిని వచ్చాడో ఎవరూ అడగలేదు. దొర దిగాక మెత్త మీద నీళ్ళు చల్లమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఊరి పని మెత్త కుట్టిన ఆయనకే ఉండిపోయింది, కళ్ళంలో వడ్లూ ఉండిపోయాయి. శాస్త్రం తేల్చినందుకు కామందుగారు నాకు జరీ కండువా కప్పారు. నేను దాన్ని పండగలకి వేసుకుని తిరిగాను.

ఆ నాటి నుంచి అదే ఆచారమైపోయింది. ఏడాదికి నాలుగైదుసార్లు ఆయన వచ్చేవాడు, తట్టేవాడు, వినేవాడు, చెంప ఆనించేవాడు, పని చేసేవాడు. పనయ్యాక తనంతట తానే వెళ్ళి రాయి మీద కూర్చుని తలగుడ్డ తీసేవాడు. నేను పోసేవాణ్ణి. మెత్త బాగుండేది. “నీళ్ళు ఎటు పొయ్యాలో తెలిశాక తోలు నవనవలాడుతోంది చూడండి,” అన్నాడొకసారి. ఎండాకాలం పోశాను, ముసురులో పోశాను, పుష్యమాసపు చలిలో పళ్ళు టకటకలాడుతుంటే పోశాను. మెత్తకి రాసే ఆముదాన్ని ఆయన ప్రతిసారీ గోరువెచ్చన చేసేవాడు. ఆయన తల మీద పోసే నీళ్ళు గోరువెచ్చన చెయ్యవచ్చని పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. మంత్రం మాత్రం ఒక్క ముక్క వదలకుండా చదివాను.

ఆఖరి పుష్యమాసంలో ఆయనకి దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే వచ్చి కుట్టి, రాయి మీద కూర్చున్నాడు. ఆ దగ్గుకీ నా చెంబుకీ సంబంధం లేదని నేను చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరూ అడగకపోయినా చెప్పుకున్నాను.

మళ్ళీ మెత్త కుట్టు తెగి కబురంపితే కొడుకు వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, తండ్రిలాగే పొట్టి. కిరస్తానీ మిషనులో కలిశాడని, అక్కడి బడిలో చదవడం నేర్చాడని ఊళ్ళో అనుకుంటుండగా విన్నాను. “నాన్న పోయాడండి, మాఘం రాకముందే,” అని ఒక్క ముక్క చెప్పి పనిలో కూర్చున్నాడు. తట్టాడు. విన్నాడు. కళ్ళు మూసుకుని చెంప ఆనించాడు.

అప్పటికి పెద్దమ్మగారు పోయి రెండేళ్ళయ్యింది. చెంబు తెమ్మనేవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు. వద్దనేవాళ్ళు కూడా లేరు. నా కాళ్ళు వాటంతటవే లోపలికి వెళ్ళాయి, చేతులు వాటంతటవే పసుపు కలిపాయి. చెంబు పట్టుకుని బయటికి వచ్చి రాయి పక్కన నిలబడ్డాను.

అతను పని ముగించి, ఆరె తుడిచి, మూట కట్టుకున్నాడు. రాయి దాకా వచ్చాడు. కూర్చోలేదు. తలగుడ్డ తియ్యలేదు. నా ఎదురుగా నిలబడి నా కళ్ళలోకి చూశాడు. ఆ రాయి మీద ఏం జరిగేదో తండ్రి చెప్పకుండా ఉంటాడా?

“ఎందుకండి ఆ చెంబు?” అన్నాడు.

మర్యాదగానే అడిగాడు. శాస్త్రం కావాలంటే పుట్టించగలను, గ్రంథం కావాలంటే అట్ట చింపగలను. పదకొండేళ్ళు చదివిన మంత్రంలో మొదటి ముక్క కూడా నాలుక మీదికి రాలేదు. కామందుగారు అరుగు మీద నుంచి చూస్తున్నారు. అతను కదలడం లేదు.

“దాహమేసి తెచ్చుకున్నాను,” అన్నాను.

అన్నాక ఇంక తాగక తప్పుతుందా? చెంబు ఎత్తి పసుపునీళ్ళు గటగటా తాగాను. సగానికి పొలమారింది. గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి. పసుపు రంగు. అతను అక్కడే నిలబడి, చివరి చుక్క దాకా తాగనిచ్చాడు. నేను చెంబు దించి కండువాతో చొక్కా రుద్దుకోబోయాను.

“అద్దుకోండి పంతులుగారండి,” అన్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. “ఇంకో చెంబు తెమ్మంటారా?”